తెర మీది బురద ఎవరి తప్పు?

(స్త్రీల సహాయ కేంద్రాల్లో పనిచేసే కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటినుంచి ఇక్కడ గృహహింస చట్టం గురించి, భరణం గురించి, ఆస్తిహక్కు గురించి మాట్లాడుకుంటున్నాం. వాటి మధ్యలో ఇంట్లో కంప్యూటర్‌కి పట్టే చీడ గురించి మాట్లాడమని నన్ను అడిగితే మొదట నాకే నవ్వొచ్చింది. నేను కంప్యూటర్లు చదివినదాన్ని కాదు. తెలుగు టైపు చేసుకోవడం, ఉత్తరాలు పంపుకోవడం, కేంద్రానికి వచ్చినవాళ్ల వివరాలు రాసిపెట్టుకోవడం, నాకు వచ్చింది అంతవరకే. కానీ కిందటేడాది మా ఇంట్లో జరిగిన ఒక గొడవ వల్ల ఈ సంగతి కొంత నేర్చుకోక తప్పలేదు. నేర్చుకున్నాక ఇది కూడా హక్కుల విషయమేనని అర్థమైంది. అంచేత ముందు ఆ గొడవ చెప్తాను. అందులో నా తప్పు కూడా ఉంది. దాన్నీ దాచను.

మా ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్. ముందుగదిలో బల్ల మీద ఉంటుంది. నేను, నా సహచరుడు, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, అప్పుడప్పుడు మా మరిది, అందరం దాన్నే వాడతాం. అందరికీ ఒకటే లాగిన్. పాస్‌వర్డ్ కూడా లేదు. ఒకరోజు సాయంత్రం మా మరిది కరెంటు బిల్లు కట్టడానికి కూర్చున్నాడు. తెరకి కుడివైపు కింది మూలనుంచి ఒక బొమ్మ పైకి లేచింది. ఒంటిమీద సరిగా బట్టలు లేని ఆడమనిషి బొమ్మ, పక్కన నాలుగు ఇంగ్లీషు ముక్కలు. దాన్ని మూశాడు. ఇంకొకటి లేచింది. అదీ మూస్తే, 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది' అంటూ ఎర్రరంగులో మరొకటి వచ్చింది. మేం రోజూ వెతుక్కునే గూగుల్ పేజీ పోయి, దాని స్థానంలో ఎప్పుడూ చూడని పేజీ ఏదో కూర్చుంది.

"వదినా, ఈ కంప్యూటర్‌లో ఎవరేం చూస్తున్నారో కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు మరిది. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా రాలేదు. గదిలో ఉన్నవాళ్లందరి చూపూ మా అమ్మాయి వైపే తిరిగింది. ఆ కంప్యూటర్ వాడే నలుగురిలో ఇద్దరు మగవాళ్లు. వాళ్లని ఎవరూ అనుమానించలేదు. "కాలేజీ స్నేహాలు" అన్నారు మా అత్తయ్య. ఆ రాత్రే కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పడింది. అది తండ్రి దగ్గర ఉంటుంది, అడిగితే ఆయన వచ్చి తెరుస్తారు, పక్కన ఎవరో ఒకరు ఉండగానే మా అమ్మాయి పని చేసుకోవాలి. ఇదీ ఏర్పాటు.

ఆ వారంలోనే తను పీజీ ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంట్లో అడగడం ఇష్టంలేక స్నేహితురాలి ఫోన్‌లో తంటాలుపడి నింపుకుంది. నేను ఏమన్నానని అడుగుతారేమో. ఏమీ అనలేదు. అదే నా తప్పు. నా మనసులో కూడా ఏదో ఒక మూల 'ఏమో, చూసిందేమో' అనే ఉంది. నాలుగో రోజు మా అమ్మాయి నాతో అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. "అమ్మా, కేంద్రానికి వచ్చినవాళ్లందరి మాటా ముందు కూర్చోబెట్టి వింటావు. నన్ను ఒక్క మాటైనా అడగలేదు" అంది.

అప్పుడు ఇద్దరం కూర్చున్నాం. విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, యాప్స్ అన్నచోటికి వెళితే కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాములన్నీ వరసగా కనిపిస్తాయి. వాటిని ఎక్కించిన తేదీ ప్రకారం పేర్చమని అడగవచ్చు. అలా పేరిస్తే పైన పేరు తెలియని ప్రోగ్రాములు మూడు కనిపించాయి. మూడూ ఒకే ఆదివారం ఎక్కినవి. ఆ ఆదివారం మా అమ్మాయి ఊళ్లోనే లేదు, ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్నది నేను.

అప్పుడు గుర్తొచ్చింది. మా సంఘం పాత కరపత్రాలన్నీ అనూ ఫాంట్లలో డి.టి.పి. చేయించినవి. మీ కేంద్రాల్లోనూ అలాంటివి ఉండే ఉంటాయి. ఇప్పటి కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనం ఏదైనా ఉచితంగా దొరుకుతుందేమోనని ఆరోజు వెతికాను. అన్నిటికంటే పైన కనిపించినదాన్ని నొక్కాను. అది ప్రకటన అని నాకు తెలియదు. ఆ పేజీలో డౌన్‌లోడ్ అని రాసిన పచ్చ బొత్తాలు మూడున్నాయి. అన్నిటికంటే పెద్దది నొక్కాను. తర్వాత వచ్చిన ప్రతి ప్రశ్నకీ 'నెక్స్ట్, నెక్స్ట్' అంటూ పోయాను. 'మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి' అంటే అదీ నొక్కాను. ఫాంట్లు మారలేదు. విసుగొచ్చి లేచిపోయాను.

బురద తెచ్చింది నేను. నింద మోసింది నా కూతురు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరి ముందూ ఈ సంగతి చెప్పాను. చెప్పడం తేలిగ్గా ఏమీ లేదు. పదిమందికి హక్కులు చెప్పే మనిషిని కదా!

ఎవరికి లాభం?

నేను ఒప్పుకున్నాను గనక తప్పంతా నాదేనా? ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించాలి.

ఇలాంటి ప్రోగ్రాముల్ని యాడ్‌వేర్ అంటారు. ప్రకటనలు చూపించి డబ్బు చేసుకోవడమే వీటి పని. ఒక ఉచిత ప్రోగ్రాంతో పాటు మరో రెండు మూడు కలిపి ఎక్కిస్తే, ఎక్కిన ఒక్కొక్క కంప్యూటర్‌కీ ఇంత అని ముట్టజెప్పేవాళ్లు ఉంటారు. మన వెతుకుడు పేజీని మార్చి, మనం వెతికిన ప్రతి మాటనీ తమ దారిలో తిప్పి పంపితే, మనం నొక్కే ప్రకటనల మీద వాళ్లకి కమీషన్ వస్తుంది. ఏ ప్రకటన పడితే అది చూపిస్తారు. జూదం, బూతు, బరువు తగ్గించే మందు, దొంగ అప్పుల యాప్. మనం ఏం చూశామన్నదానితో దీనికి సంబంధం ఉండాల్సిన పని లేదు. తెర మీద బూతుబొమ్మ వచ్చినంత మాత్రాన ఆ ఇంట్లో ఎవరో బూతు చూశారని అనుకోవడం పొరపాటు. ఈ ఒక్క మాట మీరు మీ ఊళ్లలో పదిమందికి చెప్పినా చాలు, ఎందరో ఆడపిల్లల చేతుల్లోంచి ఫోనూ కంప్యూటరూ లాక్కోవడం ఆగుతుంది.

వాడినవాళ్ల అజ్ఞానమే దీనికి కారణం అనేవాళ్లకి ఒక ఉదాహరణ చెప్తాను. 2014లో లెనోవో సంస్థ తన లాప్‌టాప్‌లు కొన్నింటిలో సూపర్‌ఫిష్ అనే కంపెనీ తయారుచేసిన ప్రకటనల ప్రోగ్రాంని ముందే ఎక్కించి అమ్మింది. కొన్నవాళ్లు ఏ పచ్చబొత్తమూ నొక్కలేదు. డబ్బు పోసి కొత్త లాప్‌టాప్ కొనుక్కున్నారు, అంతే. బ్యాంకు పేజీల్లాంటి చోట్ల మనకూ అవతలివాళ్లకూ మధ్య ఉండే తాళాన్ని కూడా ఆ ప్రోగ్రాం బలహీనపరిచింది. 2015 ఫిబ్రవరిలో విషయం బయటపడి పెద్ద రగడ అయింది. 2017లో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఆ సంస్థ రాజీకి రావలసి వచ్చింది. ఇది అజ్ఞానుల జబ్బే అయితే, డబ్బా విప్పని కొత్త లాప్‌టాప్‌లోకి ఎలా వచ్చింది?

సమ్మతి అనే మాట మీద మనం ఎన్నో ఏళ్లుగా పోరాడుతున్నాం. అర్థం కాని భాషలో, కనీకనిపించని అక్షరాల్లో రాసి, 'కాదు' అనే బొత్తాన్ని దాచిపెట్టి, 'అవును'ని పచ్చగా మెరిపించి తీసుకున్నది సమ్మతి ఎలా అవుతుంది? వద్దన్నా మళ్లీ మళ్లీ అడిగి, విసిగించి ఒప్పించినది సమ్మతి ఎలా అవుతుంది? ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. అడగాల్సిన చోటే కొత్తది.

తుంగ పీకినట్టు పీకాలి

ఇక దీన్ని వదిలించుకోవడం ఎలాగో చెప్తాను. రాసుకునేవాళ్లు రాసుకోండి. మేమిద్దరం దీనికి రెండు ఆదివారాలు పడ్డాం. మొదటి ఆదివారం అంతా వృథా అయింది. ఎందుకంటే కనిపించినదాన్నల్లా తీసేస్తూ పోయాం. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ వచ్చి కూర్చునేది. పొలంలో తుంగ సంగతి మీకు తెలుసు. పైపైన పీకితే గడ్డ లోపలే ఉండి నాలుగు రోజుల్లో మళ్లీ మొలుస్తుంది. ఇదీ అంతే. వరస తెలిసి పీకాలి.

మొదటిది, ఏదీ తీసేయకముందు తెర మీద కనిపించేవాటిని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తేదీ రాసిపెట్టుకోండి. తర్వాత ఫిర్యాదు చెయ్యాలన్నా, ఇంట్లో నింద పడినవాళ్లకి సాక్ష్యం కావాలన్నా ఇదే పనికొస్తుంది. మన కాగితాలు, ఫోటోలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కంప్యూటర్‌లో ఉండే వైరస్ రక్షణకి కొత్త అప్‌డేట్లు కూడా ఇప్పుడే తెచ్చుకోండి.

రెండవది, నోటిఫికేషన్లు. తెర మూలనుంచి లేచే బొమ్మల్లో చాలావాటికి కారణం ఏ ప్రోగ్రామూ కాదు. మనం ఎప్పుడో 'అలౌ' నొక్కి ఏదో సైటుకి ఇచ్చిన అనుమతి. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అని వరసగా వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. తెలియని పేర్లన్నీ తీసేయండి. మా ఇంట్లో మరిదికి కనిపించిన బొమ్మ వచ్చింది ఇక్కడినుంచే. తియ్యడానికి రెండు నిమిషాలు పట్టలేదు. దానికోసం మా అమ్మాయి నాలుగు రోజులు తలవంచుకుని తిరిగింది.

మూడవది, నెట్ ఆపెయ్యండి. లేకపోతే మనం తీసేస్తుంటే అది వెనకనుంచి మళ్లీ తెచ్చుకుంటుంది. ఆపాక ఇందాక చెప్పిన ప్రోగ్రాముల జాబితా తెరవండి. తేదీ ప్రకారం పేర్చి, గొడవ మొదలైన రోజు ఎక్కినవి చూడండి. మీరు ఎక్కించినవి కానివాటిని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. ఇక్కడ కూడా మోసం ఉంటుంది. 'నిజంగా తీసేస్తారా? ఉంచుకుంటే మంచిది' అని తిప్పి తిప్పి అడుగుతుంది. ప్రతి ముక్కా చదివి జవాబు చెప్పండి. మాకు ఒకటి 'ఉంచండి' అనేదాన్ని పెద్ద బొత్తంగా, 'తీసేయండి' అనేదాన్ని బూడిదరంగు అక్షరాల్లో చూపించింది.

నాలుగవది, టాస్క్ షెడ్యూలర్. ఫలానా వేళకి ఫలానా ప్రోగ్రాం నడపమని విండోస్‌కి ముందుగా చెప్పిపెట్టే చోటు ఇది. మా ఇంట్లో తుంగగడ్డ దాగింది ఇందులోనే. పొద్దున్నే కంప్యూటర్ వెయ్యగానే పాత సామాను మళ్లీ దించమని ఒక పని రాసిపెట్టి ఉంది. అయితే ఈ జాబితాలో కంప్యూటర్‌కి అవసరమైన పనులు కూడా ఉంటాయి. తెలియనిదల్లా తీసెయ్యకండి. మీరు అప్పటికే తీసేసిన ప్రోగ్రాం పేరుతో ఉన్నదాన్ని మాత్రమే తియ్యండి. అనుమానం ఉంటే తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

అయిదవది, బ్రౌజర్‌కి తగిలించిన తోకలు. వీటిని ఎక్స్‌టెన్షన్లు అంటారు. క్రోమ్‌లో ఆ పేరుతోనే పేజీ ఉంటుంది. అవసరం లేనివన్నీ రిమూవ్ నొక్కి తీసేయండి. కొన్నింటికి ఆ బొత్తం పనిచెయ్యదు, 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని ఇంగ్లీషులో కనిపిస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లో అయితే సరే, మన ఇంటి కంప్యూటర్‌ని నిర్వహించే సంస్థ ఎక్కడినుంచి వచ్చింది? కొన్ని మామూలు రక్షణ ప్రోగ్రాములు పెట్టినప్పుడు కూడా ఈ మాట కనిపించవచ్చు. అలాంటిదేదీ మీరు పెట్టుకోకపోతే, యాడ్‌వేరే తనని తాను యజమానిగా రాసుకుందని అనుమానించాలి. దాన్ని తియ్యాలంటే విండోస్ రిజిస్ట్రీలోకి వెళ్లి పాలసీలు తుడవాలి. అక్కడ ఒక్క అక్షరం పొరపాటు జరిగినా కంప్యూటర్ మొరాయిస్తుంది. ఈ ఒక్క పనికి మాత్రం తెలిసినవాళ్ల సాయం తీసుకోండి. కానీ పక్కనే కూర్చుని చూడండి.

ఆరవది, బ్రౌజర్ తెరిచే బొమ్మ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అన్న గడి చూడండి. చివర ఏదైనా సైటు అడ్రసు అతికించి ఉంటే తీసేయండి. తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లోని రీసెట్ నొక్కండి. మొదటి పేజీ, వెతుకుడు పేజీ మామూలుగా అవుతాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి. మీరు దాచుకున్న బుక్‌మార్కులూ పాస్‌వర్డులూ పోవు. అదే ఖాతాతో ఇంకో కంప్యూటర్ కూడా వాడుతుంటే దాన్నీ ఇలాగే చూడాలి. లేకపోతే ఖాతా ద్వారా అక్కడి ఎక్స్‌టెన్షన్ ఇక్కడికి మళ్లీ రావచ్చు.

ఏడవది, విండోస్ సెక్యూరిటీలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది. కంప్యూటర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలై, విండోస్ నడవకముందే లోపలంతా వెతుకుతుంది. పావుగంట పడుతుంది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. అదే విండోస్ సెక్యూరిటీలో, అక్కరలేని యాప్‌లని అడ్డుకునే ఏర్పాటు ఒకటుంది. రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ అన్న పేరు కింద కనిపిస్తుంది. దాన్ని వేసి ఉంచండి.

చివరికి, పాస్‌వర్డులు. మురికి పట్టిన కంప్యూటర్‌లోనుంచి మార్చకండి. మురికి లేని ఫోన్‌నుంచో ఇంకో కంప్యూటర్‌నుంచో మార్చండి.

మీలో చాలామంది ఇళ్లలో విండోస్ 10 ఉంటుంది. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లని మైక్రోసాఫ్ట్ ఆపేసింది. అలాంటి కంప్యూటర్ వాడుతుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మందు పేరుతో విషం

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఈ చీడ వదిలించే ప్రోగ్రాం కోసం వెతికితే అక్కడా ప్రకటనలే ముందు కనిపిస్తాయి. 'మీ కంప్యూటర్‌లో ఇన్ని వైరస్‌లు ఉన్నాయి, వెంటనే డబ్బు కట్టండి' అని భయపెట్టేది మందు కాదు. తెరంతా ఆక్రమించి, సైరన్ మోగించి, 'ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి' అనే పేజీలు ఉంటాయి. తన హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అలాంటి పేజీ వస్తే ఫోన్ చెయ్యకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసెయ్యండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అంటే వద్దనండి. ఎవరో తెలియనివాళ్లు ఫోన్‌లో మాట్లాడుతూ, దూరంనుంచి మీ కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం పెట్టమంటే పెట్టకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

శుభ్రం చెయ్యకూడని సందర్భం

ఇప్పటిదాకా శుభ్రం చెయ్యమన్నాను. చెయ్యకూడని సందర్భం కూడా ఒకటుంది. సహాయ కేంద్రాల్లో పనిచేసే మనం దీన్ని తప్పకుండా తెలుసుకోవాలి.

మా కేంద్రానికి వచ్చిన ఒకామె, "నేనేం వెతికినా మా ఆయనకి తెలిసిపోతోందమ్మా" అంది. దీనికి రకరకాల కారణాలు ఉండవచ్చు. ఇంట్లో అందరికీ ఒకే లాగిన్ ఉంటే ఆమె ఏం చూసిందో హిస్టరీలో కనిపిస్తుంది. ఆమె విడాకుల గురించి వెతికితే, తర్వాత అదే బ్రౌజర్‌లో ఆయనకి లాయర్ల ప్రకటనలు కనిపించవచ్చు. లేదా ఆయనే ఆమె మీద నిఘా పెట్టే ప్రోగ్రాం ఎక్కించి ఉండవచ్చు. యాడ్‌వేర్ గోల చేస్తుంది, చూపించడమే దాని బతుకుతెరువు. నిఘా ప్రోగ్రాం చప్పుడు చెయ్యదు. అంచేత ప్రకటనలేవీ లేకుండానే ఇంట్లో విషయాలు బయటపడుతున్నాయంటే మనం వేరేగా ఆలోచించాలి.

అలాంటి ఇంట్లో ఆమె చేత ఆ ప్రోగ్రాం తీయిస్తే రెండు ప్రమాదాలు. ఒకటి, ఆయనకి వెంటనే తెలుస్తుంది, కోపం ఆమె మీదికి మళ్లుతుంది. రెండు, సాక్ష్యం పోతుంది. ముందు ఆమె క్షేమం. తర్వాతే కంప్యూటర్. ఆ కంప్యూటర్‌ని అలాగే ఉంచి, వంటల పేజీలూ సీరియళ్లూ మామూలుగా చూడమనండి. సాయం కోసం వెతకడం, మనకి ఉత్తరం రాయడం కేంద్రంలోని కంప్యూటర్‌నుంచో నమ్మకమైన స్నేహితురాలి ఫోన్‌నుంచో చెయ్యమనండి. ఖాతా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో కూడా అక్కడినుంచే చూడాలి. పాస్‌వర్డ్ మార్చడం కూడా అక్కడినుంచే, అదీ ఆయనకి తెలిసినా ఫరవాలేదు అనుకున్న రోజున. 2005 గృహహింస చట్టం మాటలతో, మనసుకి చేసే హింసని కూడా హింసగానే గుర్తిస్తుంది. రక్షణాధికారికి ఇచ్చే వివరాల్లో ఈ నిఘా గురించి కూడా రాయించండి.

మన కేంద్రాల కంప్యూటర్ల మాటేమిటి?

మా ఇంటి కంప్యూటర్ శుభ్రమయ్యాక నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. తీసేసిన ఎక్స్‌టెన్షన్‌కి ఉన్న అనుమతిని మా అమ్మాయి చదివి వినిపించింది. 'అన్ని వెబ్‌సైట్లలోనూ మీ సమాచారమంతా చదవగలదు, మార్చగలదు.' ఆ రెండు వారాల్లో నేను ఇంటినుంచే కేంద్రం మెయిల్ తెరిచాను. అందులో ఆరుగురు స్త్రీల వివరాలున్నాయి. పేర్లు, చిరునామాలు, ఏం జరిగిందో వాళ్లు చెప్పుకున్నది. మనల్ని నమ్మి చెప్పుకున్నది. అది ఎవరైనా చదివారో లేదో రుజువు చెయ్యలేను. కానీ చదివే అవకాశం నా చేతులతో నేనే ఇచ్చాను. ఆ సంగతి మా కేంద్రం సమావేశంలో చెప్పాను. ఆ ఆరుగురికీ కూడా చెప్పాలని అందరం కలిసి నిర్ణయించాం, చెప్పాం. ఒకామె బాధపడింది. ఇద్దరు, "మా ఇంట్లోనూ అట్లాగే బొమ్మలు లేస్తున్నాయి, మాకూ నేర్పు" అన్నారు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2000 నాటి ఐటీ చట్టంలోని 43వ సెక్షన్ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి హాని చేసే ప్రోగ్రాం ఎక్కిస్తే నష్టపరిహారం కోరవచ్చు. అదే పని మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకూ జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, కొనుగోలుదారుల్ని తప్పుదారి పట్టించే 13 రకాల మాయల్ని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనని ప్రకటనలా కనపడకుండా దాచడం, వద్దన్నా పదేపదే విసిగించడం, తికమక ప్రశ్న వెయ్యడం, వైరస్ ఉందని భయపెట్టి దొంగ మందు అమ్మడం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. నేను ఆ ఆదివారం నొక్కిన బొత్తాలన్నీ ఆ జాబితాలో కనిపించాయి. చట్టాలు ఉన్నాయి. ఆ సైటు నడిపేవాడు ఏ దేశంలో ఉన్నాడో పట్టుకోవడమే కష్టం. అందుకని ఫిర్యాదు మానెయ్యకూడదు, ఫిర్యాదు ఒక్కటే చాలనీ కూర్చోకూడదు.

ఇంట్లో చీడ పడితే అబ్బాయినో, దుకాణంవాడినో పిలవడం మనకి అలవాటు. దుకాణంవాడు అన్నీ తుడిచేసి ఇస్తాడు, ఫోటోలూ కాగితాలూ పోతాయి. లోపలున్నవి ఎవరెవరు చూశారో తెలియదు. మన కేంద్రాల కంప్యూటర్లని అలా దుకాణంలో వదిలి రావడం మానాలి. ప్రతి కేంద్రంలోనూ కనీసం ఇద్దరు స్త్రీలు ఈ పని నేర్చుకోవాలి. మూడు నెలలకొకసారి ఒక ఆదివారం పెట్టుకుని కంప్యూటర్ తెరిచి ప్రోగ్రాములు, ఎక్స్‌టెన్షన్లు, నోటిఫికేషన్లు వరసగా చూడాలి. కేసుల వివరాలున్న కంప్యూటర్‌లో ఉచిత ప్రోగ్రాములు ఎక్కించకూడదు. ఏదైనా కావాలంటే తయారుచేసినవాళ్ల సొంత సైటునుంచే తెచ్చుకోవాలి. ఒక్కొక్కరికీ ఒక్కొక్క లాగిన్ ఉండాలి. అందులో రోజువారీ పని చేసేవాటికి ప్రోగ్రాములు ఎక్కించే అధికారం ఉండకూడదు.

లాగిన్ మాట వచ్చింది గనక మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. ఇప్పుడు మా ఇంట్లో నలుగురికీ నాలుగు లాగిన్‌లు. మా అమ్మాయి పాస్‌వర్డ్ మా అమ్మాయికే తెలుసు. దీనికి మా ఇంట్లో మళ్లీ ఒక చర్చ జరిగింది. "దాచాల్సింది ఏముంది?" అని అడిగారు మా అత్తయ్య. "నాకూ ఒక పెట్టె ఉండాలి కదా నానమ్మా, నీ ట్రంకుపెట్టె తాళంచెవి నీ కొంగుకే ఉంటుందిగా" అంది మా అమ్మాయి. అత్తయ్య మాట్లాడలేదు. మరిది మాత్రం ఇంతవరకూ ఆ పిల్లతో 'పొరపాటు పడ్డాను' అనలేదు. కిందటి నెల తన లాప్‌టాప్‌లో బొమ్మలు లేస్తున్నాయని తెచ్చి ఇచ్చాడు. మా అమ్మాయి నోటిఫికేషన్ల జాబితా తెరిచి, అన్నీ తీసేసి ఇచ్చింది. ఏం చూశావని అడగలేదు.

మనం కూడా మన ఊళ్లలో ముందుగా నేర్పాల్సింది అదే. తెర మీద బురద పడితే, ఎవరు చూశారని అడగకండి. ఎక్కడినుంచి వచ్చిందో కలిసి వెతకండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనకగదిలో మూడు కంప్యూటర్లు పెట్టాం. చెప్పింది వింటే రాదు, చేతులతో చేస్తేనే వస్తుంది. అందరూ రండి.